నీలధారలో నిలిచినవాళ్ళు

తెలతెలవారుతుండగా నీలధార నది మీద పొగమంచు లేచింది. నదికి ఇవతలి గట్టున, నల్లరాతి కోటగోడ నడుమ, గంధవతీ రాజ్యపు వజ్రద్వారం ఏడు తాటిచెట్ల ఎత్తున నిలబడి ఉంది. ఇనుప రేకులు తాపడం చేసిన తలుపులు. ఒక్కో తలుపుకు నూటెనిమిది ఇత్తడి గుబ్బలు. ప్రతి గుబ్బ మీదా నోరు తెరిచిన సింహం ముఖం. తొలి ఎండ తగలగానే ఆ సింహాలన్నీ ఒక్కసారి నిద్రలేచి కళ్ళు తెరిచినట్టు కనిపించేవి. ద్వారానికి అటూ ఇటూ రెండు బురుజులు, వాటి మీద నలభైమంది విలుకాళ్ళు. వాళ్ళ వీపుల వెనక గంధవతి వరిచేలు, చెరుకు తోటలు, ఆలయ శిఖరాలు.

అవతలి గట్టున ఉత్పల దేశం. ఒకనాడు అక్కడ ఊరూరా కలువ కొలనులుండేవి. మూడేళ్ళ కిందట భస్మాక్షుడనే మాంత్రికుడు ఆ దేశాన్ని పట్టుకున్నాడు. వాడు కన్నెత్తి చూసిన ఊరు ఊరంతా బూడిదయ్యేది. ఆ బూడిదను పిసికి మనిషి బొమ్మలు చేసి, వాటిని మంత్రంతో లేపి, నచ్చిన రూపమిచ్చి లోకం మీదికి తోలేవాడు. వాటిని జనం బూడిదమనుషులనేవారు. ఇప్పుడా గట్టున పచ్చని రెమ్మ ఒక్కటి లేదు. గాలి వీస్తే బూడిదే ఎగిరేది.

ఈ రెండు గట్ల నడుమ, నడుము లోతు నీళ్ళలో, డెబ్బైమంది మనుషులు వరుసగా నిలబడి వణుకుతున్నారు. ఆ వరుసలో పదకొండోవాడు గంధవతీ యువరాజు మణికేతుడు.

ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. ఒంటికి మసి, తలకు చిరుగుల పాగా, మెడలో గాజుపూసల దండలు. చూసినవాళ్ళకు వాడొక పూసలమ్మేవాడు. యువరాజు మారువేషంలో ఆ నీళ్ళలోకి ఎందుకు దిగాడో చెప్పాలంటే ఎనిమిది రోజులు వెనక్కి వెళ్ళాలి.

అంతకు మూడు నెలల ముందే సరిహద్దు ఊరు కోటపాడులో ఘోరం జరిగింది. ఉత్పలం నుంచి పారిపోయి వచ్చానని ఒకడు శరణు కోరాడు. ఊరివాళ్ళు అన్నం పెట్టి, పడుకోవడానికి అరుగు చూపించారు. తెల్లారేసరికి వాడు ధాన్యపు కొట్లకు నిప్పంటించాడు. ముప్ఫైనలుగురు చనిపోయారు. వాడికి అన్నం పెట్టిన ఇంటివాళ్ళు అందులో మొదటివాళ్ళు. సేనాని వ్యాఘ్రబలుడు సభలో కత్తి నేలకు కొట్టి, "ద్వారం మూసేద్దాం మహాప్రభూ! మన పిల్లల బూడిద మీద పరాయివాళ్ళకు పక్కలు పరుద్దామా?" అన్నాడు. వృద్ధ మంత్రి లేచి, "కాళ్ళ మీద పడ్డవాణ్ణి తన్నే రాజ్యం ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు. సభ రెండుగా చీలింది. అప్పుడు మణికేతుడే మధ్యేమార్గం చెప్పాడు. బూడిదమనిషి నీళ్ళలో కరిగిపోవడం చూశానని ఒక వేటగాడు చెప్పాడు కదా. వచ్చినవాళ్ళందరినీ పొద్దు పొడిచినప్పటి నుంచి మధ్యాహ్నపు నగారా మోగేదాకా నీలధారలో నిలబెడదాం. నిలిచినవాడు మనిషి, వాణ్ణి రానిద్దాం. కరిగినవాడు మాయావి. వేళకు ముందు వరుస తప్పినవాడి మీద బాణం వేద్దాం. సభంతా మెచ్చుకుంది. ఆ శాసనం మీద యువరాజు ముద్ర పడింది.

శరణన్నవాణ్ణి కాపాడటం ధర్మమని పెద్దలు చెబుతారు. పసిపిల్లలున్న ఇంటివాడు తలుపుకు గడియ వేసుకోవడం కూడా ధర్మమే. ఈ రెండు ధర్మాలూ ఒకే గడప దగ్గర ఎదురుపడితే ఏది పక్కకు తప్పుకోవాలో ఆ పైవాడు మనకు విడమరచి చెప్పలేదు. మణికేతుడు మాత్రం తనకు తెలిసిందనుకున్నాడు. రోజూ వజ్రద్వారం నుంచి తాటాకు వచ్చేది. "నేడు తొమ్మండుగురు మాయావులు కరిగిరి." "నేడు పన్నిద్దరు కరిగిరి." అది చదివి, రాజ్యాన్ని కాపాడానని ఆయన తృప్తిగా భోజనానికి లేచేవాడు.

ఎనిమిది రోజుల కిందట కులగురువు శాంతవ్రతుడు పూజ ముగించుకుని వచ్చి, హారతి ఇస్తూ ఒక ప్రశ్న అడిగాడు.

"నాయనా, మా ఇంట్లో నాలుగు గిన్నెలు బూడిదతో తోమితేనే తూములో నీళ్ళు నల్లగా పోతాయి. నీలధారలో ఇప్పటికి తొమ్మిదివందలమంది కరిగారంటున్నావు. దిగువ రేవుల్లో నీళ్ళు తేటగానే ఉన్నాయట. ఎందుకంటావు?"

 యువరాజు రాజముద్రిక తీసి గురువు చేతిలో పెట్టాడు. "నేను తిరిగి వచ్చేదాకా ఇది మీ దగ్గర ఉండనివ్వండి" అని చెప్పి, వేషం మార్చి, ఎగువన పడవలో నది దాటి ఉత్పల దేశంలో అడుగుపెట్టాడు. బూడిద దిబ్బల్లో దారి తప్పి, తోడేళ్ళ గుంపుకు చిక్కి తప్పించుకుని, ఎనిమిదోనాటికి ఈ జనంతో కలిసి వజ్రద్వారం ముందు నీళ్ళలోకి దిగాడు.

"పూసలోడా, కాస్త ఇటు జరుగు. గాలి నా నిప్పుకి తగుల్తా ఉంది."

పక్కన నిలబడిన ముసలమ్మ అంది. ఆమె పేరు ఎర్రక్క. నెత్తిన చుట్టకుదురు, దాని మీద మట్టికుండ, కుండలో బూడిద కప్పిన నిప్పులు. రెండు చేతులతో ఆ కుండను పట్టుకుని నిలబడింది.

"ఈ చలిలో ఆ బరువెందుకమ్మా?" అన్నాడు మణికేతుడు.

"బరువా? మా అత్త చేతి పొయ్యి నాయనా ఇది. ఆమెకి వాళ్ళత్త ఇచ్చింది. ఇల్లు పోయింది, ఊరు పోయింది, చెట్టంత కొడుకు పోయాడు. ఇదొకటి నాతో వచ్చింది. దీన్ని కూడా ఏట్లో కలపమంటావా?"

ఎర్రక్కకు అవతల నిలబడిన ఆమె కోడలు చెంగల్వ నవ్వడానికి ప్రయత్నించింది. నిండు నెలలు. ముఖం పాలిపోయి ఉంది. "మా అత్తకి నేను మునిగినా పెద్ద బెంగ లేదన్నా. పొయ్యి ఆరిందో, ఇంక చూస్కో."

"నోరు మూసుకుని నిలబడవే! నీ కడుపులోది బయటికొచ్చాక దానికి ఉడుకు నీళ్ళు పోయాలంటే నిప్పు నీ తాత తెస్తాడా?"

"మా తాతని ఎందుకు లాగుతావు మధ్యలో? ఆయన పోయి పదేళ్ళయింది."

"అందుకే చెప్తున్నా, ఆయన తేడు."

చుట్టూ ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వరుసలో ముందున్న ముసలి జాలరి మోకాళ్ళు ముడుచుకుపోయాయి.  మెల్లిగా పక్కకు ఒరిగి నీళ్ళలో పడిపోయాడు.

మణికేతుడు ముందుకు ఉరకబోయాడు. ఎర్రక్క ఒక చేయి కుండ మీదినుంచి తీసి వాడి నడుంగుడ్డ పట్టుకుంది. "కదిలితే బాణం వేస్తారు! వాడితో పాటు నువ్వు కూడా పోతావు. నిలబడు!"

ముసలివాడి తెల్లపంచె నీళ్ళ మీద తేలుతూ పదిబారల దూరం పోయి, సుడిలో తిరిగి, మాయమైంది. నీళ్ళు తేటగానే ఉన్నాయి.

బురుజు మీద లేఖకుడు గంటం పట్టుకుని వంగి చూశాడు. గొంతెత్తి పాడినట్టు అరిచాడు. "ఒకటి కరిగె!"

"కరగలేదు" అన్నాడు మణికేతుడు. వాడి పెదవులు నీలిరంగుకు తిరిగాయి. "మునిగిపోయాడు."

"మెల్లిగా మాట్లాడు నాయనా" అంది ఎర్రక్క. "అందరం చూశాం."

అప్పుడు చెంగల్వకు అవతలి పక్కనున్న మనిషి గొంతు సవరించుకున్నాడు. బొద్దుగా, నున్నగా ఉన్నాడు. ఉప్పు వర్తకుణ్ణనీ, పేరు వీరన్న అనీ పొద్దున చెప్పాడు. "భయపడకమ్మా" అన్నాడు తియ్యగా. "మనసులో కల్మషం లేనివాళ్ళని నీళ్ళేం చేస్తాయి? ఇది మంచి శాసనం. దొంగల్ని ఏరెయ్యాలంటే ఇలాంటిదే కావాలి." తరవాత బురుజు వైపు చేతులు జోడించి, "యువరాజావారు చల్లగా ఉండాలి!" అని కేకవేశాడు. విలుకాళ్ళలో ఒకడు మెచ్చుకోలుగా తల ఊపాడు.

మణికేతుడు ఆ జోడించిన చేతుల వైపు చూశాడు. అందరి చేతులూ ముడతలు పడి ఉబ్బిపోయాయి. వీరన్న చేతుల మీద మాత్రం నీళ్ళు చేమాకు మీద నిలిచినట్టు బొట్లుబొట్లుగా నిలిచి జారిపోతున్నాయి. వాడు వణకడం లేదు. గాలి ఇటు తిరిగినప్పుడు వాడి ఒంటినుంచి తేనెపట్టు మైనం వాసన వచ్చింది.

పొద్దు రెండు బారలెక్కింది. కుండలో నిప్పు తగ్గింది. ఎర్రక్క కుండను కిందికి దించి చెంగల్వ ముందు పట్టింది. "ఊదండర్రా. తలా ఒక ఊదు ఊదండి. నా రొమ్ములో గాలి లేదు."

ఉత్పల దేశంలో అది ఆచారం. కలిసి ప్రయాణం చేసేవాళ్ళు ఒకరి పొయ్యిలో నిప్పును తలా ఒకసారి ఊదుతారు. ఊదినవాళ్ళంతా ఆ దారి సాగినన్నాళ్ళూ ఒకే ఇంటివాళ్ళ కింద లెక్క. చెంగల్వ ఊదింది, నిప్పు కణకణమంది. మణికేతుడు ఊదాడు, ఎర్రగా రగిలింది. కుండ వీరన్న దగ్గరికి వెళ్ళింది.

"నాకు దగ్గు తల్లీ" అన్నాడు వాడు ముఖం తిప్పుకుని.

"ఒక్క ఊదుకి ఏం కాదులే, కానీ."

వాడు బుగ్గలు పూరించి పెదవులు ముందుకు చాపాడు. అందరికీ వాడు ఊదినట్టే కనిపించింది. నిప్పు మీది బూడిద మాత్రం ఒక్క రేణువైనా కదల్లేదు.

 ఎర్రక్క కుండ మళ్ళీ నెత్తికెత్తుకుంది. మణికేతుడి చెవి దగ్గరికి వంగి, "ఊపిరి లేదు" అంది.

"ఏమిటమ్మా?"

"బూడిదోడు. వాళ్ళు అన్నం తింటారు, నవ్వుతారు, అడిగితే ఏడుస్తారు. మాట వాళ్ళది కాదు, లోపల కూచుని ఆ మాంత్రికుడు పలికిస్తాడు. ఊపిరొక్కటి వాడు పొయ్యలేడు, అది దేవుడి చేతిలోది. మా ఊళ్ళో ఎవరొచ్చినా గడప దగ్గర దీపం పెట్టి ఊదమంటాం. పసిపిల్లలకి కూడా తెలుసు."

"మరి నీళ్ళలో కరగలేదేం?"

"మైనం పూసుకున్నాడు, కనిపిస్తా ఉందిగా. నీళ్ళెంత చల్లగా ఉంటే మైనం అంత గట్టిపడుద్ది."

మణికేతుడు వీరన్న వైపు చూసి, మళ్ళీ ఎర్రక్క వైపు తిరిగాడు. "ఈ సంగతి గట్టు మీదివాళ్ళకు చెప్పలేదా మీరెవరూ?"

"ఎవరడిగారు నాయనా?" అంది ఎర్రక్క. వాడి ముఖంలోకి పరీక్షగా చూసింది. "నువ్వు మా దేశపోడివి కాదు. మావాడైతే కుండ చేతికి రాకముందే ఊదేవాడు. ఎవరివైతేనేం, నిలబడు."

ఆ మాట ఇంకా ముగియలేదు, చెంగల్వ పొట్ట పట్టుకుని కేక పెట్టింది.

నొప్పులు మొదలయ్యాయి. ఆమె మోకాళ్ళు వంగిపోతున్నాయి. మణికేతుడు ఎర్రక్క వెనకనుంచి చేయి చాచి, ఆమె భుజం కింద వేసి నిలబెట్టాడు. వరుసలో ఒకరినొకరు తాకకూడదని శాసనం. పైనుంచి ఒక బాణం వచ్చి వాడి ముందు మూరెడు దూరంలో నీళ్ళలో దిగింది.

"చెయ్యి తియ్యి!" పైనుంచి గొంతు.

ద్వారాధిపతి రుద్రసింహుడు బురుజు అంచుకు వచ్చాడు. నెరిసిన మీసాలు, కళ్ళ కింద నల్లని చారలు. మూడు నెలలుగా వాడికి సరిగ్గా నిద్ర లేదు.

"అయ్యా, బాబూ!" ఎర్రక్క కుండ మీదినుంచి ఒక చేయి తీసి చాచింది. "పురుడొస్తా ఉంది! పిల్లని గట్టెక్కనియ్యండి. కావాలంటే నన్ను సాయంత్రం దాకా నిలబెట్టండి!"

"నగారాకు ఇంకా నాలుగు ఘడియలుంది తల్లీ" అన్నాడు రుద్రసింహుడు. గొంతులో కోపం లేదు. "నా మీద ఉసురు పెట్టకు. నేను రాసిన శాసనం కాదు. యువరాజావారిది."

"ద్వారాధిపతీ!" మణికేతుడు అరిచాడు. "ఈ వరుసలో బూడిదమనిషి ఒకడున్నాడు. ఒంటికి మైనం పూసుకున్నాడు. నిప్పు ముందు పెట్టి ఊదమను, తెలిసిపోతుంది!"

"నీళ్ళలో నిలిచినవాడు మనిషి. కరిగినవాడు మాయావి. శాసనంలో నిప్పు మాట లేదు."

"శాసనం తప్పు!"

"కావచ్చు. ఆ మాట రాసినవాళ్ళతో చెప్పు. వాళ్ళు ఇక్కడికి రారు" అని రుద్రసింహుడు వెనక్కి తిరగబోయాడు.

వీరన్న చిన్నగా నవ్వాడు. "ఎందుకయ్యా పూసలోడా, అందరి ప్రాణం మీదికి తెస్తావు? నగారా మోగాక నేను దర్జాగా నడిచి పోతాను. ఈ పిల్ల అప్పటికి ఉండదు. తొందరపడితే నువ్వూ ఉండవు."

చెంగల్వ తల వాలిపోయింది. నీళ్ళు ఆమె రొమ్ము దాకా వచ్చాయి. మణికేతుడు ఎర్రక్క వైపు తిరిగాడు. "అమ్మా, నీ నిప్పు నాకివ్వు."

ముసలమ్మ కుండను గుండెకు హత్తుకుంది. ఒక్క క్షణం. కోడలి ముఖం చూసింది. రెండు చేతులతో కుండ అందించింది. "కొట్టు నాయనా. రొమ్ము మీద కొట్టు."

వీరన్న అప్పటికే కదిలాడు. వాడి చేయి మూర మూరగా సాగి మణికేతుడి గొంతు పట్టుకుంది. ఆ వేళ్ళు ఎముకల్లా లేవు, గట్టిగా తొక్కిన ఇసుక బస్తాలా ఉన్నాయి. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. చుట్టూ జనం కేకలు. బురుజు మీద విళ్ళు లేచాయి గానీ ఎవరిని కొట్టాలో తెలియలేదు. మణికేతుడికి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఒక చేత్తో కుండను నీటికి పైన పట్టుకునే ఉన్నాడు. రెండో చేత్తో మెడలోని పూసలదండ తెంపి వాడి కళ్ళలోకి విసిరాడు. పట్టు ఒక వెంట్రుకవాసి సడలింది. అదే అదనుగా పైకి లేచి, కుండను వాడి రొమ్ము మీద పగలగొట్టాడు.

నిప్పులు ఒంటికి అంటుకున్నాయి. మైనం బుసబుసమంటూ కరిగి కారింది, భగ్గుమని మండింది. రొమ్ము మధ్య పగులు పుట్టింది. ఆ పగులులోకి నీలధార ప్రవేశించింది.

వాడు గోడ కూలినట్టు కూలాడు. ముందు రొమ్ము, తరవాత భుజాలు, చేతులు. చుట్టూ నీళ్ళు బూడిదరంగుకు తిరిగి, శ్మశానపు వాసన వేస్తూ, తెట్టు కట్టి గట్టు దాకా పాకాయి. ఆఖరికి ముఖం ఒక్కటే మిగిలింది. ఆ ముఖం లోంచి ఇందాకటి తియ్యని గొంతు కాక, లోతైన మరొక గొంతు మణికేతుడికి మాత్రమే వినిపించేలా పలికింది.

"యువరాజా, నీ ద్వారం గుండా నేను ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయాను. నీవే బయట ఉన్నావు."

ముఖం కరిగిపోయింది.

మణికేతుడు ఆగలేదు. మునిగిపోతున్న చెంగల్వను రెండు చేతులతో ఎత్తుకుని గట్టు వైపు నడిచాడు. నాలుగడుగులు వేశాడు. బాణం ఎడమ భుజంలో దిగింది. ఒక మోకాలు వంగింది, మళ్ళీ లేచాడు.

"ఆపండి! విళ్ళు దించండి!" రుద్రసింహుడు బురుజు మెట్లు రెండేసి చొప్పున దిగి వచ్చాడు. నీటి అంచున ఆగిపోయాడు. వాడి పాదాల దగ్గర బూడిద తెట్టు అలలతో కొట్టుకుంటోంది. వంగి, వేలితో ముట్టి చూశాడు. మూడు నెలల్లో ఆ గట్టుకు అటువంటిది ఒక్కసారైనా కొట్టుకురాలేదు.

లేఖకుడు పైనుంచి అడిగాడు. "ఏమని రాయమంటారు ప్రభూ?"

"ఒకటి కరిగె అని రాయి."

"మరి ఇంతకుముందు రాసినవి?"

 మణికేతుడు చెంగల్వను ఇసుక మీద పడుకోబెట్టాడు. సైనికులు నలుగురు వెనక్కి తిరిగి నిలబడి డాళ్ళు అడ్డం పెట్టి తెరలా కట్టారు. లోపలినుంచి మూలుగు వినిపించింది. "అత్తా! అత్తమ్మా!"

ఆ ద్వారపు కావలిలో ఒక్క ఆడది లేదు. పురుడు పోయడం తెలిసినవాడు లేడు. తెలిసిన ఎర్రక్క ముప్ఫైబారల దూరంలో నీళ్ళలో ఉంది. అడుగు ముందుకు వేస్తే బాణం.

ఇంతలో తలుపుల వెనక గుర్రపు డెక్కల చప్పుడు. చిన్న దిడ్డివాకిలి తెరుచుకుని, నురగలు కక్కుతున్న గుర్రం మీద సేనాని వ్యాఘ్రబలుడి రౌతు వచ్చి దూకాడు. చేతిలో ఎర్రపట్టు చుట్టిన తాటాకు.

"శుభవార్త ద్వారాధిపతీ! కనిపించకుండా పోయిన యువరాజావారు నిన్న సాయంత్రం కోటకు తిరిగి వచ్చారు. వచ్చీ రాగానే కులగురువు శాంతవ్రతుణ్ణి ద్రోహిగా పట్టి చెరలో వేయించారు. ఇది వారి కొత్త శాసనం."

 మణికేతుడికి తాటాకు చివర మైనం ముద్ర కనిపించింది. సందేహం లేదు. గురువు చేతిలో తాను పెట్టిన ముద్రికే అది.

రుద్రసింహుడు పైకి చదివాడు. "వజ్రద్వారము నేటి మధ్యాహ్నమునుండి ఎవరికిని తెరువరాదు. నీటిలో నున్నవారిని, గట్టెక్కినవారిని, అందరిని నగారా మోగునప్పటికి నీటిపాలు చేయవలెను. పూసలవాని వేషమున ఒక మాయావి వచ్చి తానే యువరాజునని చెప్పును. వాని నోట ఆ మాట వచ్చిన తక్షణమే శిరస్సు ఖండింపవలెను."

 రుద్రసింహుడు తలెత్తి, భుజంలో బాణంతో నిలబడ్డ పూసలవాడి వైపు చూశాడు.

"నీవేమైనా చెప్పుకోవాలా?"

 రౌతు చేయి కత్తి పిడి మీదికి వెళ్ళడం మణికేతుడు చూశాడు. "ఆ శాసనం యువరాజు రాసింది కాదు" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"మీరు యువరాజును చూశారా ఎప్పుడైనా?"

"లేదు" అన్నాడు రుద్రసింహుడు. "ముప్ఫైఏళ్ళుగా ఈ ద్వారం కాస్తున్నాను. ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. శాసనాలు వస్తాయి. ఆయన ఎప్పుడూ రాలేదు."

మణికేతుడు తల దించుకున్నాడు. అంతకన్నా నిజమైన మాట ఆ రోజు వాడెవరి నోటా వినలేదు.

"మాటలతో పొద్దు గడపకండి!" రౌతు డాళ్ళ తెర వైపు వేలు చూపించాడు. "అక్కడెవరు? గట్టెక్కినవాళ్ళేగా? ముందు ఆమెను లాగి నీళ్ళలో పడేయండి."

డాళ్ళు పట్టుకున్న సైనికులు కదల్లేదు. వాళ్ళు రుద్రసింహుడి వైపు చూశారు. తెర లోపలినుంచి ఈసారి మూలుగు కాదు, పళ్ళు బిగపట్టిన అరుపు వచ్చింది. "అత్తమ్మా, నావల్ల కావడం లా!"

నీళ్ళలోంచి ఎర్రక్క గొంతు. "నేనొస్తున్నానే! కాళ్ళు బిగబట్టకు, ఊపిరి పట్టుకో! ఒరేయ్ బాణాలోళ్ళూ, కొడితే కొట్టండిరా! నేను ముందు పిల్లకి పురుడు పోసొస్తా, తర్వాత కొట్టండి!"

ముసలమ్మ వరుస తప్పి అడుగు వేసింది. బురుజు మీద ఒక విల్లు కిర్రుమంది.

"ఆగు!" అన్నాడు రుద్రసింహుడు. ఆ మాట విలుకాడితో అన్నాడో ఎర్రక్కతో అన్నాడో ఎవరికీ అర్థం కాలేదు. వాడు తాటాకును చుట్ట చుట్టి లేఖకుడి వైపు విసిరాడు. నడుముకున్న కత్తి విప్పి ఇసుకలో గుచ్చాడు. తన ఇలవేల్పు పేరు ఒకసారి పెదవుల మీద పలికి, నీలధారలోకి దిగాడు. మోకాళ్ళ దాకా, తొడల దాకా, నడుము దాకా. ముప్ఫైఏళ్ళలో ఆ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో వాడికి మొదటిసారి తెలిసింది. పళ్ళు టకటకమన్నాయి. ఎర్రక్క దగ్గరికి వెళ్ళి చేయి చాచాడు.

"పట్టుకో తల్లీ."

"నీ చెయ్యి వణుకుతా ఉంది బాబూ" అంది ఎర్రక్క పట్టుకుంటూ.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"ఇప్పుడా తెలిసేది?"

మణికేతుడు కూడా నీళ్ళలోకి దిగాడు. భుజం నుంచి నెత్తురు కారుతుండగా, మిగిలిన జనం వైపు కుడిచేయి ఎత్తి అరిచాడు. "రండి! అందరూ రండి! ఒక్కొక్కరుగా కాదు, ఒక్కసారే రండి!"

వరుస కదిలింది. అరవైఅయిదుమంది నీళ్ళు తోసుకుంటూ గట్టు వైపు నడిచారు.

"ద్రోహం! ద్వారాధిపతి ద్రోహి!" రౌతు కత్తి దూసి, గుర్రం మీదికి ఎక్కి బురుజుల వైపు తిరిగాడు. "యువరాజావారి ఆజ్ఞ! కొట్టండి! ముందు ఆ ద్రోహిని కొట్టండి!"

డాళ్ళ వెనక చెంగల్వ మళ్ళీ అరిచింది. రుద్రసింహుడు ఆ అరుపు వైపు ఎర్రక్కను లాక్కుంటూ నడుస్తూనే ఉన్నాడు, పైకి చూడలేదు. బురుజుల మీద నలభై విళ్ళూ ఒక్కసారి లేచాయి, నలభై నారులూ చెవుల దాకా సాగాయి. అవి ఎవరి మీదికి లేచాయో పట్టుకున్నవాళ్ళకే ఇంకా తెలియదు.